ఉలి కూడా ఆయుధమే

చార్మినార్ నుంచి దక్షిణానికి, ఫలక్‌నుమా వైపు సాగే దారిలో ఉన్న శాలిబండ పేరే ఒక అతుకుపని. ముందు సగం షా అలీ, వెనక సగం అచ్చ తెలుగు బండ. దగ్గర్లోనే ఉన్న గాజీబండ పేరూ ఆ తీరుదే. ఒక భాష మాటకు ఇంకో భాష మాట తొడిగి మేకు లేకుండా బిగించారు. వాడుకలో అరిగి షా అలీ బండ కాస్తా శాలిబండ అయిందే తప్ప అతుకు మాత్రం వదల్లేదు. ఈ పేట గురించి రాసినవాళ్లు చాలావరకు కట్టించినవాళ్ల గురించే రాశారు. రాజా రాయరాయన్ దేవిడీ, 1904 నాటి గడియార స్తంభం, 1901 నుంచి 1912 దాకా, మళ్లీ 1926 నుంచి 1937 దాకా నిజాం ప్రభుత్వంలో ప్రధానిగా ఉన్న మహారాజా కిషన్ పర్షాద్ దేవిడీ, హరిబౌలిలో అక్కన్న మాదన్నల పేరు మోస్తున్న మహంకాళి గుడి. ప్రతిదానికీ ఒక ప్రభువు పేరో మంత్రి పేరో ఉంది. ఆ వాకిళ్లు, దూలాలు, మెట్లు చేసిన వడ్రంగుల పేర్లు మాత్రం శాసనాల్లోకి ఎక్కలేదు. వాళ్లు వదిలివెళ్లిన చరిత్ర కాగితం మీద లేదు. చెక్క మీద పడిన గాట్లలో, ఆ గాట్లు పెట్టిన ఉలి, బాడిస, చిత్రికల్లో ఉంది. పాత చేతి పనిముట్లను పోగుచేసి వాడుకునే సరదాను నేను ఈ వైపు నుంచే చూస్తున్నాను. పాతబస్తీలాంటి చోట వడ్రంగి పనిముట్టు ఒక దస్తావేజు అనీ, చేత్తో పట్టి పనిచేయిస్తే తప్ప ఆ దస్తావేజు చదవడానికి లొంగదనీ నా వాదన. కాబట్టి పోగుచేయడమూ వాడడమూ రెండు వేరువేరు సరదాలు కావు. రెండోది లేకపోతే మొదటిది సగంలో ఆగిన పనే.

ఈ సరదాకు బయటి దేశాల్లో మంచి వయసే ఉంది. అమెరికాలో పాత పనిముట్ల మీద మక్కువ ఉన్నవాళ్లు 1933లోనే ఎర్లీ అమెరికన్ ఇండస్ట్రీస్ అసోసియేషన్ అనే సంఘం పెట్టుకున్నారు. ఇంగ్లండులో డబ్ల్యూ.ఎల్. గుడ్‌మన్ 1964లో వడ్రంగి పనిముట్ల చరిత్ర రాశాడు. ఆర్.ఎ. సలామన్ 1975లో వాటికి ఏకంగా నిఘంటువే కూర్చాడు. జపాన్‌లోని కోబేలో 1984 నుంచి వడ్రంగి పనిముట్లకంటూ తకెనాకా మ్యూజియం ఉంది. పడమటి సేకర్తల పని సులువు చేసింది కంపెనీల ముద్రలు. లియొనార్డ్ బెయిలీ కనిపెట్టిన ఇనుప చిత్రికల పేటెంట్లను స్టాన్లీ కంపెనీ 1869లో చేజిక్కించుకుంది. ఆ తర్వాతి కాలపు చిత్రికల పోతలోనే 1902, 1910 నాటి పేటెంటు తేదీలు కనిపిస్తాయి. వాటిని బట్టి ఫలానా చిత్రిక ఏ దశాబ్దం సరుకో అక్కడివాళ్లు చెప్పేస్తారు. హైదరాబాద్‌లో ఈ షౌక్ అద్దాల బీరువాల ముందు మొదలవదు. పురానాపూల్ దగ్గర గురువారాలు జరిగే జుమేరాత్ బజార్‌లోనో, ఎర్రగడ్డ ఆదివారం సంతలోనో, నేల మీద పరిచిన పట్టాల మీద మొదలవుతుంది. పాత కుళాయిలు, పానాలు, చెవులు పోయిన తాళాల నడుమ పిడి ఊడిన ఉలి, పళ్లు మొద్దుబారిన రంపం, ఆకు లేని చిత్రిక మొద్దు కనిపిస్తాయి. అమ్మేవాడి లెక్కలో అది పాత ఇనుము. దాని మీద కంపెనీ పేరుండదు, తేదీ ఉండదు. మరి దస్తావేజు అనడం ఎలా? చదవాల్సిన చోటు వేరే ఉంది గనుక.

మొదట చదవదగింది పేరు. పాతబస్తీ వడ్రంగి సంచిలోంచి ఒక్కో పనిముట్టూ తీసి పేరు అడుగుతూ పోతే వేరువేరు కాలాలు వరసగా వచ్చి నిలబడతాయి. ఉలి మన కుటుంబపు మాట. తమిళంలోనూ కన్నడంలోనూ అది ఉలే. బాడిసకు కన్నడంలో బాచి, తమిళంలో వాచ్చి చుట్టాలు. అదే సంచిలో చిత్రికను రందా అంటారు, బెజ్జం వేసేదాన్ని బర్మా అంటారు, మర బిగించేదాన్ని పేచ్‌కస్ అంటారు. చేసిన సరుకు దర్వాజా అయితే పేరు పారసీకం నుంచి, అల్మారా అయితే పోర్చుగీసు నుంచి వచ్చింది. స్క్రూ, బోల్టు, ఫైలు ఇంగ్లీషువాళ్లతో వచ్చాయి. చేసే మనిషి పేరులోనూ ఒక ముచ్చట ఉంది. తెలంగాణ పల్లెలో ఆయన వడ్లాయన, పాతబస్తీ గల్లీలో బఢయీ. రెండు మాటలకూ మూలం సంస్కృతంలోని వర్ధకి అని పండితులు చెబుతారు. ఒకే మాట రెండు దారుల్లో నడిచి, రెండు వేషాలతో ఒకే పేటలో మళ్లీ కలుసుకుంది. పేరు మారినంత మాత్రాన వస్తువు మారిందని చెప్పలేం, చిత్రికకే రందా అనే పేరు తగిలి ఉండొచ్చు కదా అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన మాటే. పేర్లు పనిముట్టు వయసు చెప్పవు. ఎవరి పక్కన ఎవరు కూర్చుని పని నేర్చుకున్నారో చెబుతాయి. పేట చరిత్రకు కావలసింది అదే. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ తెచ్చిన వ్యవసాయ వృత్తి పదకోశం ఈ సూత్రం మీదే నడిచింది. నాగలి భాగాల పేర్లను పుస్తకాల్లోంచి ఏరుకోకుండా, పనిచేసేవాళ్ల నోటి నుంచి జిల్లాల వారీగా రాసుకున్నారు. ఉలిని కొని, దాన్ని వాడినవాళ్లు ఏమని పిలిచారో అడగకుండా వచ్చినవాడు దస్తావేజులో సగం చించి తెచ్చుకున్నట్టే.

రెండో ఆధారం చెక్క మీదే ఉంది. పత్తర్‌గట్టి దగ్గరి బాద్‌షాహీ ఆషూర్‌ఖానాకు 18వ శతాబ్దం రెండో సగంలో నిజాం అలీఖాన్ కాలాన కొయ్యస్తంభాల మండపాలు చేర్చారు. గోడల మీది కుతుబ్‌షాహీ రంగుపలకలను చూసి వెళ్లేవాళ్లే ఎక్కువ, ఆ స్తంభాల దగ్గర ఆగేవాళ్లు తక్కువ. పురానీ హవేలీలో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ దుస్తుల కోసం బర్మా టేకుతో చేసిన రెండంతస్తుల బీరువాల వరస ఉంది. పై అంతస్తుకు వెళ్లడానికి చేత్తో తిప్పే కొయ్య లిఫ్టు కూడా అమర్చారు. నిజాం ఒకసారి తొడిగిన బట్ట మళ్లీ తొడిగేవాడు కాదన్న కథ అందరికీ తెలుసు. అంత పొడవున తలుపులన్నీ ఒకే వరసలో నిలిచేలా చిత్రిక పట్టింది ఎవరన్నది ఏ కథలోనూ రాదు. అయినా చెక్క కొంత చెబుతుంది. చేత్తో చేసిన పాత తలుపు ముందువైపు నున్నగా, వెలుగు సమంగా జారేలా ఉంటుంది. అదే పలకను వెనక్కి తిప్పితే, కంటికి కనబడని చోట, బాడిస తీసిన గుంటలు చేపపొలుసుల్లా వరసగా ఉంటాయి. ఒక్కో గుంట ఒక్కో దెబ్బ. గుంటల వెడల్పు బాడిస నోటి వెడల్పును చూపుతుంది, వాటి వాలు పనివాడు ఏ చేతివాటం మనిషో చూపుతుంది. దుంగను పలకలుగా కోసిన తీరూ దాగదు. పైన ఒకరు, కింద ఒకరు నిలబడి రంపం లాగితే గీతలు నిటారుగా, ఎడం ఎక్కువతక్కువలుగా పడతాయి. మిల్లులో గుండ్రటి రంపం కోస్తే విల్లులా వంగిన గీతలు పడతాయి. యజమానికి కనిపించే ముఖం మీద పనివాడి గుర్తులన్నీ చెరిపేశారు. వీపు మీద మాత్రం అవి అలాగే ఉండిపోయాయి.

ఆ గుర్తులు చదవడానికి కళ్లు చాలవు అనేదే నా వాదనలో అసలు కీలు. బాడిసను తీసుకోండి. కురచ పిడి, పిడికి అడ్డంగా లోపలికి వంగిన నోరు, నోటికి వెనకవైపు సుత్తిలాంటి మొద్దు. మ్యూజియం చీటీ మీద పొడవు, బరువు, వాడుక రాసి ఊరుకుంటారు. నోరు అంతలా లోపలికి ఎందుకు వంగిందో, పిడి అంత కురచ ఎందుకో నిలబడి చూసేవాడికి అంతుపట్టదు. నడుమెత్తు బల్ల మీద చెక్క పెట్టి దాంతో చెక్కబోతే చేయి వణుకుతుంది, దెబ్బ జారుతుంది, ఇదేం పనికిమాలిన పనిముట్టు అనిపిస్తుంది. నేల మీద కూర్చుని, చెక్కను పాదంతో తొక్కిపట్టి, మోచేయి మోకాలికి దగ్గరగా ఉంచి కొట్టండి. అప్పుడు ఆ వంపు, ఆ కురచతనం రెండూ కూర్చున్న మనిషి చేతి తిప్పుడుకు కొలిచినట్టు సరిపోతాయి. వెనక ఉన్న మొద్దు ఎందుకో కూడా అప్పుడే తెలుస్తుంది. లేచి సుత్తి వెతుక్కోకుండా బాడిసను తిప్పి మేకు కొట్టేయవచ్చు. మన వడ్రంగికి బల్ల బిగింపు పాదమే. రంపం సంగతీ అంతే. పళ్ల వాలు ఎటుందో చూస్తే తోసినప్పుడు కోసేదో లాగినప్పుడు కోసేదో చెప్పవచ్చు గానీ, కూర్చున్న ఒంటికి లాగుడు ఎందుకు హాయో లాగితేనే తెలుస్తుంది. బెయిలీ ఇనుప చిత్రిక ఇందుకు ఎదురు సాక్ష్యం. దాన్ని బల్ల ముందు నిలబడి, ఒంటి బరువంతా పెట్టి తోసే మనిషి కోసం చేశారు. నేల మీద కూర్చున్న చేతికి ఆ బరువు భారమే. పనిముట్టు ఆకారం ఒక కూర్చునే తీరును, ఒక పని స్థలాన్ని దాచుకుని ఉంటుంది. దాన్ని బయటికి లాగగలిగేది వాడకమే.

మూడో ఆధారం ఇనుములో ఉంది. ఇక్కడ సేకర్తల లోకంలోని ఒక పాత తికమకను సరిచేయాలి. విదేశీ సంతల్లో షెఫీల్డ్ ఉలి మీద 'కాస్ట్ స్టీల్' అని చెక్కిన ముద్ర కనబడితే ధర పెరుగుతుంది. మూసలో కరిగించి తీసిన ఉక్కు అని ఆ మాటకు అర్థం. బెంజమిన్ హంట్స్‌మన్ షెఫీల్డ్‌లో ఆ పద్ధతిని నిలబెట్టింది 1740ల్లో. మూసలో ఉక్కు తీయడం అప్పటికే తెలంగాణలో పాత విద్య. నేటి నిజామాబాద్ జిల్లా కమ్మర్‌పల్లి మండలంలోని కోనసముద్రానికి పర్షియా వర్తకులు వచ్చి ఉక్కు ముద్దలు కొనుక్కుపోయేవారు. లాంబ్టన్ నడిపిన భూకొలతల సర్వేలో పనిచేసిన వోయిసీ ఆ తయారీని కళ్లారా చూసి రాసిన వ్యాసం 1832లో అచ్చయింది. మన ఉక్కు ముద్దల మీద జార్జ్ పియర్సన్ 1795లో లండన్ రాయల్ సొసైటీకి పత్రం సమర్పించాడు. కత్తుల తయారీదారు జేమ్స్ స్టోడార్ట్, మైకేల్ ఫారడే కలిసి ఉక్కు మిశ్రమాల మీద చేసిన ప్రయోగాలు 1820లోనూ 1822లోనూ వెలువడ్డాయి. ఆ కుతూహలం వెనకా ఈ ముద్దే ఉంది. అలాగని పల్లె కమ్మరి చేసిన ప్రతి ఉలినీ ఆ మేలిరకం ఉక్కు ఖాతాలో వేయకూడదు. అది ఎక్కువగా కత్తులకు పోయింది. పాత పద్ధతిలో మెత్తటి ఇనుప కాడకు నోటి దగ్గర మాత్రమే గట్టి ఉక్కు ముక్క కలిపి కాచి సాగగొట్టేవారు. ఈ అతుకు మామూలుగా కంటికి కనబడదు. సానరాయి మీద నీళ్లు చల్లి, నోటి వాలును నున్నగా అరగదీస్తూ పోతే ఒక దశలో మసక రంగు ఇనుము ఒకవైపు, తళతళలాడే ఉక్కు ఇంకోవైపు తేలి, రెంటి నడుమ సన్నటి గీత కనిపిస్తుంది. అది కమ్మరి కలిపిన అతుకు గీత. సాన పట్టనివాడికి ఆ గీత ఉందనే తెలియదు.

మరి ఇంతకాలం వాడుకలో ఉన్నవి సంతలో పట్టాల మీదికి ఎందుకు చేరాయి? యంత్రాలు వచ్చాయి గనుక అనేది తేలికైన జవాబు. అది సగమే నిజం. రైలు 1874లో సికింద్రాబాద్ చేరింది. 1893లో లాలాగూడ వర్క్‌షాపు వెలిసింది. కొయ్య పెట్టెల రైళ్ల కాలం అది. అంటే యంత్రమూ ఇంగ్లీషు పనిముట్టూ మన వడ్రంగికి వందేళ్లకు పైగా పరిచయమే, అయినా బాడిస పోలేదు. మొదటి పెద్ద దెబ్బ పని ఇచ్చేవాళ్లకు తగిలింది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. జాగీరు రాబడి మీద నిలిచిన దేవిడీలు వాటాలుగా చీలాయి, కొన్ని కూలాయి, కొన్నింటి తలుపులూ స్తంభాలూ పాత సామాన్ల దుకాణాలకు చేరాయి. ఏళ్ల తరబడి ఒకే ఇంట్లో మరమ్మతు పని దొరికే రోజులు పోయాయి. రెండో దెబ్బ కలపకు తగిలింది. అటవీ సంరక్షణ చట్టం 1980లో వచ్చింది. గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు 1996 డిసెంబరులో ఇచ్చిన ఉత్తర్వు అడవుల నరుకుడును గట్టిగా బిగించింది. అడవికి అది మేలే చేసింది. అదే సమయంలో పనివాడి ముందుకు వచ్చే చెక్క మారిపోయింది. దుంగ బదులు ప్లైవుడ్ వచ్చింది. ప్లైవుడ్‌లో ఒక పొర నార నిలువుగా ఉంటే తర్వాతి పొర నార అడ్డంగా ఉంటుంది. అలాంటి పలక మీద చిత్రిక పట్టాల్సిన పని లేదు. బాడిసతో చెక్కితే పొరలు లేస్తాయి. బెజ్జం కొట్టి నాలుక దూర్చే అతుకు అందులో నిలవదు. కాబట్టి ఉలి ఓడిపోయింది మిషన్ చేతిలోనే అనుకోవడం పొరపాటు. దానికి అర్థమయ్యే చెక్కే ముందు నుంచి తప్పుకుంది. ఈ కారణం వాడేవాళ్లకు చప్పున తోస్తుంది. పాత చిత్రికను ఒకసారి టేకు మీదా ఒకసారి ప్లైవుడ్ మీదా పట్టి చూస్తే ఏ పుస్తకం అక్కర్లేదు.

ఈ వాదనకు మొదటి అభ్యంతరం చరిత్రకారుల నుంచి రావాలి. ముద్ర లేదు, తేదీ లేదు, చేతులు మారుతూ సంతకు చేరిన వస్తువును ఆధారం అంటే ఎలా? స్టాన్లీ చిత్రికకు ఉన్న జాతకం మన కమ్మరి ఉలికి లేదు, నిజమే. అయితే ముద్ర లేని వస్తువు కూడా తన కాలపు ఆనవాళ్లను పూర్తిగా దాచుకోలేదు. పల్లె కమ్మరి గత శతాబ్దంలో ఎక్కువగా ఆధారపడింది పాత లారీ, బస్సు కమాను పట్టీల మీద. నిజాం ప్రభుత్వ రోడ్డు రవాణా శాఖ 1932లో 27 బస్సులతో మొదలైంది. ఆ బస్సులు అరిగి, లారీలు పెరిగి, కమాను పట్టీలు పాత ఇనుము కొట్లకు చేరిన తర్వాతే అలాంటి ఉలి పుట్టి ఉండాలి. పట్టీ మందం అంతటా ఒకే తీరుగా ఉండడం, నోటి దగ్గర అతుకు గీత లేకపోవడం, ఎక్కడైనా బోల్టు బెజ్జం ఆనవాలు మిగలడం దాని గుర్తులు. గుర్రపు బగ్గీలకూ కమాన్లు ఉండేవి గనుక ఈ ఒక్క గుర్తు చాలదు. పిడి తీరు, కాడ తీరు, దాన్ని అమ్మిన ఇంటి మాట, అదే చోట దొరికిన మిగతా సామాను అన్నీ కలిపి చూడాలి. నాణేలు లేని చోట కుండపెంకుల వరసను బట్టి కాలం లెక్కగట్టే పురావస్తువాళ్ల పద్ధతే ఇది. ఒక్క పెంకు ఏమీ చెప్పదు, వరస చెబుతుంది. సేకరణ అనే పనికి అర్థం కూడా ఇక్కడే ఉంది. అందమైన ఒక్క ఉలిని గోడకు తగిలించడం అలంకారం. మామూలు ఉలులు ఇరవై పక్కపక్కన పెట్టి, వాటి పేర్లూ ఊళ్లూ రాసుకుని, నోళ్లు సానపట్టి పోల్చడం చరిత్ర పని.

రెండో అభ్యంతరం ఇంకా బలమైనది, అది నేరుగా వాడకం మీదికే వస్తుంది. సానపట్టిన ప్రతిసారీ కొంత ఉక్కు పోతుంది. తుప్పు గీకితే పాత పొర పోతుంది. పిడి మారిస్తే తరాల చేతుల అరుగుదల పోతుంది. దస్తావేజు అంటూనే దాన్ని అరగదీయమంటారా? ఇందులో ఒప్పుకోవలసింది చాలా ఉంది. 1545లో మునిగి 1982లో పైకి తీసిన ఇంగ్లీషు యుద్ధనౌక మేరీ రోజ్‌లో ఆనాటి వడ్రంగుల చిత్రికలు కూడా దొరికాయి. వాటిని చెక్క మీద పెట్టమని ఎవరూ అనరు. అలాంటి ఏకైక వస్తువును కొలిచి, గీసి, నకలు చేసి, ఆ నకలుతోనే పనిచేయాలి. మన దగ్గర ఆ నకలు చేయగల కమ్మరులు ఇంకా ఉన్నారు, వాళ్లకు పని ఇవ్వడానికి అదొక దారి కూడా. కానీ సంతలో దొరికే ఉలి మేరీ రోజ్ చిత్రిక కాదు. అది చేసిన రోజు నుంచీ అరగడానికే పుట్టింది. నోరు కురచబారిన ఉలిని చూసి పాడైపోయింది అంటాం గానీ, ఆ కురచతనమే దాని పనిదినాల లెక్క. ఇప్పటివాడు ఇంకొంచెం అరగదీస్తే ఆ లెక్కలో తన దినాలు కలుపుతున్నాడు. అందుకు కొన్ని హద్దులు పాటించక తప్పదు. వాడకముందు కొలతలు రాసి ఫోటో తీయాలి. ముద్ర ఉంటే దాని జోలికి పోకూడదు. తుప్పు నూనెగుడ్డతో తుడవాలే గానీ మిషన్ బ్రష్ పెట్టకూడదు. పాత పిడి బీటలు వారితే కట్టు కట్టాలి, పారేయకూడదు. ఈ జాగ్రత్తలతో వాడిన ఉలి కోల్పోయేది వెంట్రుకవాసి ఉక్కు, ఇచ్చేది మరో దారిలో దొరకని తెలివిడి. వాడకుండా వదిలేసినా హైదరాబాద్ వానాకాలం దాన్ని ఎలాగూ తింటుంది.

మూడోది నైతికమైన అభ్యంతరం. కులం కట్టడిలో, తండ్రి కూర్చున్న చోటే కొడుకూ కూర్చుని, నడుం వంగేదాకా చేసిన పనిని, కడుపు నిండినవాళ్లు సెలవురోజు సరదాగా మార్చుకుంటున్నారు. బాడిస వదిలేసి పిల్లల్ని చదివించుకున్న వడ్రంగికి ఇందులో గర్వించేది ఏముంది? దీన్ని తోసిపుచ్చడం తప్పు. ఈ సరదా వృత్తిని బతికిస్తుందని చెప్పుకోవడం మరీ తప్పు. కూలి రేటు, కలప ధర, ప్లైవుడ్ మార్కెట్ దీని చేతిలో లేవు. అయితే పాత పని మీద లేని వెలుగులు చిమ్మే గుణం చూసి ఆనందించే సేకరణకే ఎక్కువ. నూనె పూసి వెల్వెట్ మీద పరిచిన పనిముట్టు ఎవరినీ అలసిపోనివ్వదు. టేకు పలక ఒకటి నేల మీద పెట్టి గంటసేపు చిత్రిక పట్టినవాడికి భుజం చెబుతుంది. అప్పుడు పురానీ హవేలీ బీరువాల వరస ముందు నిలబడితే నవాబు సూట్ల లెక్క గుర్తుకు రాదు. అన్ని తలుపులకు ఎన్ని భుజాలు, ఎన్ని రోజులు, రోజుకు ఎంత కూలి అన్న లెక్క మొదలవుతుంది. వాడకం ఈ సరదాకు తీపి తగ్గించే మందు. పని చేసిన కులాల పట్ల గౌరవం మాటల్లో కాక కొలతల్లో కనబడేది అక్కడే. 'కథను చక్కగా చిత్రిక పట్టారు' అని సమీక్షల్లో రోజూ రాస్తుంటాం. చిత్రిక ఎదురునార మీద పోతే చెక్క చిట్లుతుందని, అప్పుడు పలకను తిప్పి పట్టాలని తెలియకుండానే ఆ మాట వాడుతున్నాం. భాషలో బతికి ఉన్న పనిని చేతిలోకి మళ్లీ తెచ్చుకోవడం వినోదమే అయినా, ఒట్టి వినోదం మాత్రం కాదు.

శాలిబండకు ఎంతో దూరం లేని దివాన్ దేవిడీలోనే 1951లో సాలార్‌జంగ్ మ్యూజియం తెరుచుకుంది. 1968లో ఇప్పటి భవనానికి మారింది. ఒకే సికమోర్ దుంగలో ముందు మెఫిస్టోఫిలిస్‌నూ వెనక మార్గరెట్టానూ చెక్కిన బొమ్మ చుట్టూ జనం ఎప్పుడూ గుమిగూడి ఉంటారు. ఆ దుంగను రెండు ముఖాలుగా విడదీసిన ఉలి ఎలాంటిదో తెలుసుకునే వీలు అక్కడ లేదు. కత్తులు, కటారులు, డాళ్లు పెట్టిన ఆయుధాల గది ఉంది. ఆయుధం అన్న తెలుగు మాటకు అది సగం అర్థమే. మిగతా సగం అర్థం దసరా నాడు వడ్రంగుల ఇళ్లలో కనిపిస్తుంది. ఆయుధపూజ రోజున రంపం, ఉలి, బాడిస, చిత్రిక కడిగి, పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, పీట మీద వరసగా ఉంచి దండం పెడతారు. ఆ రోజు వాటిని ముట్టరు. ఇప్పుడు ఆ వరసలో కరెంటు రందా కూడా బొట్టు పెట్టుకుని కూర్చుంటుంది. కాపాడడానికీ వాడడానికీ పొత్తు కుదరదన్న చర్చకు ఈ ఆచారం ఎప్పుడో ఒక జవాబు ఇచ్చింది. పూజ ఒక రోజు, పని మిగతా రోజులు. ముట్టకుండా ఉంచే రోజు ఉంది గనుకే అది గౌరవం. మర్నాడు పని ఉంది గనుకే అది ఇంకా పనిముట్టు. జుమేరాత్ బజార్‌లో పిడి ఊడిన ఉలిని కొన్నవాడు పాటించవలసిన క్రమమూ అదే. అమ్మినవాళ్లను దాని పేరూ ఊరూ అడిగి రాసుకోవాలి, తుమ్మ పిడి వేయించాలి, సానపట్టి అతుకు గీత ఉందో లేదో చూడాలి, తర్వాత ఒక టేకు ముక్కలో బెజ్జం కొట్టి చూడాలి. దసరా నాడు బొట్టు పెట్టి, మర్నాడు పొద్దున్నే ఆ కుంకుమ తుడిచి మళ్లీ చెక్క మీద పెట్టాలి.